మంచు కురవని ఊళ్లో జారుడు నేల

కోనసీమలో మంచు గడ్డకట్టదు. పుష్యమాసం తెల్లవారుజామున కొబ్బరితోటల మీద పొగమంచు దిగుతుంది, మట్టల చివర్ల నుంచి నీటిబొట్లు రాలతాయి, అంతవరకే. అమలాపురం పక్కనున్న బండారులంకలో ఎంత చలిరోజయినా ఒక దుప్పటి చాలు. అయినా ఈ జిల్లాలో ఏడాది పొడవునా గడ్డకట్టిన నీళ్ల మధ్య నిలబడి కూలి చేసుకునేవాళ్లు ఉన్నారు. రొయ్యల చెరువు ఉన్నచోటికల్లా ఐసు వెళ్లాలి. పట్టుబడి రోజున చెరువు గట్టు మీదే రొయ్యను ఐసులో పెట్టకపోతే ఆ ఎండకు సరుకు దక్కదు. కాబట్టి ఐసు ఫ్యాక్టరీలు, ఐసు లారీలు, ఐసు కొట్టే మనుషులు ఈ ప్రాంతపు బతుకులో భాగమైపోయారు.

ఐసు ఫ్యాక్టరీ ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతా సంగతులు సులువుగా అర్థమవుతాయి. పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్లు ఉంటాయి. అమ్మోనియాతో నడిచే యంత్రం ఆ నీళ్లను సున్నాకు దిగువన 10 డిగ్రీల దరిదాపుల దాకా చల్లబరుస్తుంది. ఉప్పు కలిసి ఉండటం వల్ల అవి అంత చలిలోనూ గడ్డకట్టవు. అందులో మంచినీళ్లు పోసిన రేకు డబ్బాలు దించుతారు. దాదాపు ఒక రోజుకు డబ్బాలోని నీళ్లు దిమ్మగా మారతాయి. డబ్బాను పైకి లాగి మామూలు నీళ్లలో ముంచితే అంచులు కరిగి దిమ్మ వదులవుతుంది, పక్కకు వంచగానే నేల మీదికి జారుతుంది. ఎత్తాలంటే ఇద్దరు ముగ్గురు కావలసిన ఆ దిమ్మను ఒక్క మనిషి కొక్కెం తగిలించి గది ఈ చివర నుంచి ఆ చివరకు లాక్కుపోతాడు. అతని పనిని తేలిక చేసేదీ, అతని కాలికింద పట్టు తప్పించేదీ ఒకటే. ఐసుకూ దాన్ని తాకిన వస్తువుకూ మధ్య ఉండే పల్చటి తడి.

ఆ తడి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను 170 ఏళ్లకు పైగా పట్టుకుంది. ఒత్తిడి పెరిగితే ఐసు కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుందని 1849లో జేమ్స్ థామ్సన్ లెక్కగట్టాడు. మరుసటేడు ఆయన తమ్ముడు విలియం, తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరుపడ్డవాడు, ప్రయోగం చేసి అది నిజమేనని చూపించాడు. మనిషి బరువుకు కాలికింద ఐసు కరుగుతుంది, అందుకే జారుతుంది అన్న వివరణ ఆ తర్వాత పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఉండిపోయింది. లెక్క వేస్తే అది నిలవదు. కరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గాలంటే వాతావరణ పీడనానికి 130 రెట్ల ఒత్తిడి కావాలి. చెప్పులేసుకుని నిలబడ్డ మనిషి నేల మీద పెట్టే ఒత్తిడి ఒక్క వాతావరణ పీడనమంత కూడా ఉండదు.

మైకేల్ ఫారడే 1850లోనే వేరే దారి చూపాడు. రెండు ఐసు ముక్కలను తాకిస్తే అతుక్కుపోతాయి. ఐసు పైన ఎప్పుడూ పల్చటి నీటిపొర ఉంటుందనీ, రెండు ముక్కల మధ్య చిక్కగానే ఆ పొర గడ్డకట్టి వాటిని కలుపుతుందనీ ఆయన అన్నాడు. ఆయన మాటను చాలామంది పట్టించుకోలేదు. ఇప్పుడు అణువుల స్థాయిలో చూస్తే ఫారడే ఊహ ఎంత సరైనదో తెలుస్తోంది. ఐసు లోపలి నీటి అణువును నాలుగు పక్కల పొరుగు అణువులు పట్టి ఉంచుతాయి. పైపొరలోని అణువుకు ఒక పక్క గాలి తప్ప ఏమీ లేదు, అందుకే అది వదులుగా, కదలడానికి సిద్ధంగా ఉంటుంది. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు దీనికి ఇంకొక కారణం జోడించారు: జారుతున్న వస్తువు రాపిడి వల్ల పుట్టే వేడి కూడా ఐసును కరిగిస్తుంది. చలి బాగా ముదిరితే ఈ రెండూ బలహీనపడతాయి. దక్షిణ ధ్రువానికి వెళ్లిన తొలి యాత్రికులకు మరీ చలిగా ఉన్న రోజుల్లో బండి లాగడం ఇసుకలో లాగినంత కష్టమైంది.

దీన్నిబట్టి కోనసీమకు సంబంధించిన ఒక విషయం తేలుతుంది. జారడంలో అన్నిటికంటే చెడ్డది కరుగుతున్న ఐసు. లడఖ్‌లో జనవరి నెలలో రోడ్డు మీది ఐసు పొడిగా, గట్టిగా ఉంటుంది. 30 డిగ్రీల ఎండలో లారీ నుంచి జారిపడిన ఐసు ముక్క పుట్టిన క్షణం నుంచీ తడిగానే ఉంటుంది. రొయ్యల షెడ్డులో నేల మీద పడే ప్రతి ముక్కా ఆ స్థితిలోనే ఉంటుంది. దానికి రొయ్య తలకాయల నుంచి కారే జిగురు, కొవ్వు తోడవుతాయి. తలలు తీసి, పొట్టు ఒలిచి, గ్రేడింగు చేసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. గంటల తరబడి నిలబడి, చల్లదనానికి తిమ్మిరెక్కిన కాళ్లతో, నిండిన ట్రేలు మోసుకుంటూ ఆ నేల మీద తిరగాలి. గమ్‌బూట్లు ఇస్తారు. అవి కాలు తడవకుండా కాపాడతాయి. అడుగు అరిగిపోయిన గమ్‌బూటు మాత్రం జారకుండా కాపాడదు.

నడక గురించి కొంత చెప్పుకోవాలి. మనం అడుగు వేసినప్పుడు కాలు ముందుకు చాచి మడమ ఆనిస్తాం. ఆ క్షణంలో నేలను కిందికి నొక్కడంతో పాటు ముందుకూ తోస్తాం. చదును నేల మీద మామూలు నడకలో ఆ ముందుతోపు, కిందికి నొక్కే బలంలో ఐదో వంతు దాకా ఉంటుంది. అంటే కాలికీ నేలకూ మధ్య ఘర్షణ గుణకం 0.2 అయినా ఉంటేనే మనిషి నిలుస్తాడు. పొడి సిమెంటు నేల మీద రబ్బరు అడుగుకు 0.6, అంతకంటే ఎక్కువే దొరుకుతుంది. తడిసిన నున్నటి టైలు మీద అది 0.2 కిందికి పోగలదు. కరుగుతున్న ఐసు మీద 0.1 కూడా మిగలకపోవచ్చు. పది అడుగులకు ఒక అడుగు దిగే వాలు ఉంటే అవసరం ఇంకో 0.1 పెరుగుతుంది. గబుక్కున పక్కకు తిరిగితే ఇంకా పెరుగుతుంది. నెత్తిమీదో భుజం మీదో బరువుంటే ఈ నిష్పత్తి పెద్దగా మారదు గాని, చేతులు చాచి నిలదొక్కుకునే వీలు పోతుంది.

కాలు రెండు మూడు సెంటీమీటర్లు జారడం మనకు తెలియను కూడా తెలియదు, రోజూ అలాంటివి ఎన్నో జరుగుతుంటాయి. పది సెంటీమీటర్లు దాటితే మాత్రం నిలదొక్కుకోవడం కష్టం. ఈ రెంటికీ మధ్య ఉన్న వ్యవధి సెకనులో చిన్న ముక్క. కాలు పోతోందన్న కబురు వెన్నుపాముకు చేరి, కండరాలు స్పందించడానికే సెకనులో పదో వంతో, రెండు పదో వంతులో పడుతుంది. కింద పడటం మొత్తం ఒక సెకనులో ముగిసిపోతుంది. ఆ సెకనులో తల నేలను తాకే వేగం గంటకు 20 కిలోమీటర్ల దాకా చేరుతుంది.

కాలు జారి పడినవాళ్లకు మన ఊళ్లలో మొదట వినిపించే మాట 'చూసుకుని నడవాలి కదా' అన్నది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. జారుడు కంటికి కనబడేది కాదు. నేల జారుతుందని ముందే తెలిస్తే శరీరం తనంతట తానే సర్దుకుంటుంది. అడుగు చిన్నదవుతుంది, మోకాలు కాస్త వంగుతుంది, మడమకు బదులు పాదం మొత్తం ఒక్కసారిగా ఆనుతుంది. అప్పుడు 0.2 కంటే తక్కువ ఘర్షణతోనే నడవగలం. అందుకే వరిచేను గట్టు మీద నడిచే రైతు నల్లబంకమట్టిలో కూడా పడడు. పడేది పొడినేల మీద నుంచి అనుకోకుండా తడి మీదికి అడుగు పడినచోట. బాత్రూం గుమ్మం దాటాక, బకెట్టు తొణికిన వరండాలో, ఐసు కరిగి మడుగు కట్టిన షెడ్డు మూలలో. ఆ హఠాత్తు మార్పు ఎక్కడుందో తెలిసినవాళ్లు, దాన్ని సరిచేయగలవాళ్లు నేలకు యజమానులు, నడిచేవాళ్లు కారు.

కోనసీమలో ఐసు కంటే ఎక్కువమందిని పడేసేది పాకుడు. కాలువ రేవు మెట్లు, చెరువు గట్టు రాళ్లు, నూతి చప్టా, పెరటి గచ్చు, వానాకాలం వచ్చేసరికి వీటన్నిటి మీదా పచ్చగానో నల్లగానో పూత పడుతుంది. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయిన తర్వాత ఈ లంకల్లోకి కాలువలు వచ్చాయి. కాలువ ఉన్న ప్రతి ఊరికీ రేవు వచ్చింది. బట్టలుతికేవాళ్లు, గేదెలను కడిగేవాళ్లు, పంటు ఎక్కీ దిగీ సరుకు మోసేవాళ్లు, అందరి పనీ ఆ మెట్ల మీదే.

పాకుడు ఒక్క మొక్క కాదు. సూక్ష్మజీవుల గుంపు. నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా, పచ్చ శైవలాలు, డయాటములు, వాటి మధ్య వందల రకాల ఇతర బ్యాక్టీరియా కలిసి తమ చుట్టూ జిగురు కట్టుకుంటాయి. ఆ జిగురులో ఎక్కువ భాగం చక్కెర అణువులు గొలుసులుగా అల్లుకున్న పదార్థం. అది తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుంటుంది. తడిసిన పాకుడులో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే. ఎండలో ఆ నీరు పోయి పాకుడు నల్లటి పెచ్చుగా మారుతుంది, అప్పుడు దాని మీద నిశ్చింతగా నడవవచ్చు. లోపలి జీవులు మాత్రం చావవు. నోస్టాక్ లాంటి నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా నెలల తరబడి ఎండిపోయి ఉండి, ఒక్క వాన పడగానే నిమిషాల్లో ఉబ్బి తిరిగి జీవం పోసుకుంటాయి. వేసవిలో హాయిగా నడిచిన మెట్టు తొలకరి జల్లు పడ్డ పావుగంటకే మోసం చేయడానికి కారణం ఇదే. వానలన్నీ కురిసి పాకుడు బాగా ముదిరాక కార్తీక మాసం వస్తుంది. తెల్లవారుజామున చీకట్లో, తడిబట్టలతో, చేతిలో దీపంతో పెద్దవాళ్లు అవే మెట్లు దిగుతారు.

బండారులంక నేత ఊరు. ఇక్కడి నూలు చీరలకు కోనసీమ దాటి కూడా పేరుంది. చేనేత ఊళ్లలో పడుగును వీధిలో పొడవునా సాగదీసి గంజి పట్టించడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. గంజి కూడా చక్కెర గొలుసులే, పాకుడు జిగురుకు రసాయనశాస్త్రం ప్రకారం దూరపు చుట్టం. దారం పోగులకు అది పైపూత వేసి, మగ్గం మీద అచ్చుకూ పన్నెకూ ఒరుసుకుంటున్నప్పుడు తెగకుండా కాపాడుతుంది. అక్కడ ఘర్షణ తగ్గడమే కావాలి. అదే గంజి కారి గచ్చు మీద పడితే, ఆ గచ్చు మీద నడిచేవాళ్లకూ ఘర్షణ తగ్గుతుంది. రంగులద్దే షెడ్డుల్లో సబ్బు, సోడా కలిసిన నీళ్లదీ ఇదే కథ.

మామూలు నీళ్ల కంటే ఈ చిక్కటి ద్రవాలు ఎందుకు ఎక్కువ ప్రమాదం? ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో ఇచ్చిన సమీకరణంలో జవాబుంది. రెండు పలకల మధ్య చిక్కిన ద్రవం పక్కలకు తప్పుకోవడానికి కొంత సమయం కావాలి. ద్రవం ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువ సమయం, పలకలు ఎంత వెడల్పుగా, నున్నగా ఉంటే అంత ఎక్కువ సమయం. మడమ నేలను తాకిన తర్వాత శరీరం బరువు దాని మీదికి వాలడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆలోగా ద్రవం తప్పుకుంటే కాలు నేలను అందుకుంటుంది. తప్పుకోకపోతే మనిషి ద్రవం మీద తేలుతాడు. చెప్పు అడుగున ఉండే గాళ్లు, నేల మీది గరుకుదనం చేసే పనల్లా ఆ ద్రవానికి దారి ఇవ్వడమే. అడుగు నున్నగా అరిగిన హవాయి చెప్పు, పాలిష్ చేసిన టైలు, మధ్యలో గంజినీళ్లు. ఇంతకంటే చెడ్డ కలయిక దొరకదు.

ఈ గరుకుదనానికి కొలత ఉంది. నీళ్లు పడే నేలకు 20 మైక్రాన్ల ఎత్తున్న గరుకు ఉండాలని బ్రిటన్ ఆరోగ్య, భద్రత అధికారులు సూచిస్తారు. సబ్బునీళ్లు పడేచోట దానికి రెట్టింపు పైనే కావాలి, నూనె పడేచోట మూడు రెట్లు దాటాలి. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అంటే భద్రమైన నేలకూ ప్రమాదకరమైన నేలకూ తేడా వెంట్రుక మందంలో మూడో వంతు. ఆ తేడాను చూసుకుని నడవమని ఎవరికి చెప్పగలం? జర్మనీలో ఏటవాలు పలక మీద నూనె పోసి, మనిషిని నడిపించి, ఏ కోణం దగ్గర కాలు జారిందో చూసి టైలుకు ఆర్9 నుంచి ఆర్13 దాకా గుర్తు ఇస్తారు. మన టైల్స్ కొట్లలోనూ కొన్ని పెట్టెల మీద ఆ గుర్తు కనిపిస్తుంది. రంగు, మెరుపు, ధర అడిగేవాళ్లంతా దాన్ని కూడా అడగాలని నా కోరిక. పేడతో అలికిన మట్టినేలలు, గరుకు బండలు పోయి, అద్దంలా మెరిసే టైళ్లు వరండాల దాకా, మెట్ల దాకా వచ్చేశాయి. లోపలి గదుల్లో వాటితో ఇబ్బంది లేదు. వాన జల్లు కొట్టే చోట వాటిని పరవడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

నేల మీద పడేవాళ్లు ఒక ఎత్తు, చెట్టు మీద నుంచి పడేవాళ్లు ఒక ఎత్తు. కోనసీమ అంటే కొబ్బరి, కొబ్బరి అంటే దింపు కార్మికుడు. నెలన్నరకో రెండు నెలలకో ఒక దింపు. పాదాలకు తాడు బందం వేసుకుని, రెండు అరికాళ్లతో మానును అటూ ఇటూ బిగించి ఎక్కుతాడు. ఇక్కడ లెక్క నడక లెక్క కంటే కఠినం. నేల మీద మన బరువే మనల్ని నేలకు నొక్కిపెడుతుంది. నిలువు మాను మీద ఆ సహాయం లేదు. మానును ఎంత గట్టిగా నొక్కుతాడో అంతకు తగ్గ ఘర్షణే దొరుకుతుంది, ఆ నొక్కుడంతా కాళ్ల కండరాల నుంచి రావాలి. మాను పొడిగా ఉన్నప్పుడు రాలిన మట్టల మచ్చలు పట్టునిస్తాయి. వాన పడితే మాను మీది శైవలాలు ఉబ్బుతాయి. పొడిరోజు కంటే ఘర్షణ సగానికి పడితే కాళ్లు రెట్టింపు బలంతో నొక్కాలి. పూటకు ఎన్నో చెట్లు ఎక్కి అలసిన కాళ్లకు ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? 12 మీటర్ల ఎత్తు నుంచి పట్టు తప్పితే నేలను తాకే వేగం గంటకు 55 కిలోమీటర్లు. వెన్ను విరిగి జీవితాంతం మంచానికి అంకితమైన దింపు కార్మికుల కుటుంబాలు ఈ జిల్లాలో ఎవరికీ కొత్త కాదు.

దీనికి మందు లేకపోలేదు. కేరళలో చెంబేరి జోసెఫ్ తయారు చేసిన ఎక్కుడు యంత్రం ఆయన ఊరిపేరుతోనే ప్రచారంలోకి వచ్చింది. రెండు పాదాల కింద రెండు పలకలు, వాటికి మానును చుట్టే ఉక్కు తీగలు. మనిషి బరువు పలక మీద పడినప్పుడల్లా తీగ బిగుస్తుంది. అంటే మనిషి ఎంత బరువుంటే పట్టు అంత గట్టిపడుతుంది, నేల మీద ప్రకృతి చేసే సాయాన్ని ఇది చెట్టు మీద చేస్తుంది. కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి ఇలాంటి యంత్రాలతో యువతకు శిక్షణ ఇస్తోంది. దింపు కార్మికులకు కేర సురక్ష పేరుతో బీమా కూడా పెట్టింది, ప్రీమియంలో ఎక్కువ భాగం మండలే కడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో తాడి చెట్లు ఎక్కే గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, నడుం పట్టీలు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పట్టు తప్పినా మనిషి కింద పడకుండా మాను దగ్గరే ఆగిపోవడం ఆ కిట్టు ఉద్దేశం. గోదావరి జిల్లాల కొబ్బరి చెట్టుకు కూడా అలాంటిది అవసరం.

నేల మీద పడినప్పుడు దెబ్బలు చిన్నవే అనుకుంటాం. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమన్న సామెతలో మొదటి సగం పడుచువాళ్ల విషయంలోనే నిజం. పడేటప్పుడు మనిషి తెలియకుండానే చెయ్యి చాపుతాడు. మణికట్టు పైన ఎముక విరుగుతుంది. ఐర్లండ్ శస్త్రవైద్యుడు అబ్రహం కోలిస్ 1814లో వర్ణించిన ఆ విరుపును నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నేతపనిలో ఒక చెయ్యి తాడు లాగి నాడెను పరిగెత్తిస్తుంది, రెండో చెయ్యి పన్నెను కొడుతుంది. ఏ మణికట్టు విరిగినా మగ్గం ఆగుతుంది, ఆగిన మగ్గానికి కూలి రాదు. అరవై దాటినవాళ్లకు తుంటి విరగడం ఇంకా ఘోరం. పాశ్చాత్య దేశాల ఆసుపత్రుల లెక్కల్లో తుంటి విరిగిన వృద్ధుల్లో దాదాపు ఐదో వంతు మంది ఏడాది తిరక్కుండా చనిపోతున్నారు. చక్కెర జబ్బు వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవారికి కాలు జారుతున్న కబురే ఆలస్యంగా అందుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఆ మరణాల్లో 80 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే.

కోనసీమ నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి చలికాలంలో వెళ్లే తల్లిదండ్రులు మొదటిసారి అసలైన మంచు మీద కాలు పెడతారు. తెల్లగా కురిసిన మంచు అంత ప్రమాదకరం కాదు, కాలు దిగబడుతుంది. భయపడవలసింది పగలు కరిగి రాత్రి తిరిగి గడ్డకట్టిన పల్చటి, పారదర్శకమైన పొరకు. కింది తారు రంగే కనబడుతుంది కాబట్టి తడి అనుకుంటారు. 2021 ఫిబ్రవరి 11న, తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న డాలస్ పక్కనే, ఫోర్ట్‌వర్త్ హైవే మీద అలాంటి పొర వల్ల 133 వాహనాలు ఒకదానికొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. నడిచేవాళ్ల సంగతికి వస్తే, 2014లో మంచు, ఐసుల వల్ల గాయపడి కనీసం ఒక రోజు పనికి దూరమైన ఉద్యోగుల కేసులు అమెరికాలో 42,480 అని అక్కడి కార్మిక గణాంకాల విభాగం లెక్క తేల్చింది. వాటిలో అత్యధికం నడుస్తూ జారి పడినవే.

ఆ దేశపు పద్ధతిలో నాకు నచ్చేది ఇక్కడే ఉంది. ఆ కేసులను ఎవరో లెక్కపెట్టారు. లెక్కపెట్టారు కాబట్టి అవి పని వల్ల జరిగిన గాయాలుగా నమోదయ్యాయి. ఆఫీసు ముందు నడకదారి మీది మంచు తీసి ఉప్పు చల్లే బాధ్యత ఆ స్థలం చూసుకునేవాళ్ల మీద పడింది. ఆ ఉప్పు చేసే పని మన ఐసు ఫ్యాక్టరీ తొట్టిలోని ఉప్పు చేసే పనే, నీళ్లు సున్నా దగ్గర గడ్డకట్టకుండా ఆపడం. మన దగ్గర రొయ్యల షెడ్డులో జారి పడిన ఆడమనిషి మర్నాడు పనికి రాకపోతే, ఆ రోజు హాజరు పోతుంది. అంతకుమించి ఏ పుస్తకంలోనూ అది చేరదు.

చట్టం లేదని కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షను, మెట్లు, నేలలు, దారులు గట్టిగా ఉండాలనీ, మనుషులు జారిపడేలా చేసే పదార్థాలు వాటి మీద లేకుండా చూడాలనీ స్పష్టంగా చెప్పింది. చూసుకుని నడవాలని కార్మికుడికి చెప్పలేదు, నేల సరిగ్గా ఉంచాలని యాజమాన్యానికి చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఈ చట్టం స్థానంలో తెచ్చినది. అయితే ఇలాంటి చట్టాల కింద ఒక షెడ్డుకు ఫ్యాక్టరీ అన్న పేరు రావాలంటే పనిచేసేవాళ్ల సంఖ్య ఒక హద్దు దాటాలి. పాత చట్టంలో కరెంటుతో నడిచేచోట ఆ హద్దు 10 మంది, కొత్త కోడ్‌లో 20 మంది. హద్దు పెరిగిన కొద్దీ చిన్న షెడ్లు బయటికి పోతాయి. ఇంట్లో మగ్గం పెట్టుకున్న నేతగాడు, తోటలు తిరిగే దింపు కార్మికుడు, రేవులో బట్టలుతికే మనిషి ఎప్పుడూ ఆ హద్దులోకి రాలేదు.

చేయవలసిన పనులకు పెద్ద డబ్బు అక్కర్లేదు. షెడ్డు నేలకు కాలువ వైపు వాలు, ఐసు కొట్టే చోటుకూ నడిచే దారికీ మధ్య అడ్డు, నున్నబడ్డ గచ్చు మీద ఉలితో గాట్లు, అడుగు అరిగిన బూట్లు మార్చడం. గంజి, సబ్బునీళ్లు పడేచోట వాటిని ఎండనివ్వకుండా వెంటనే మంచినీళ్లతో కడగాలి, ఆ నీళ్లు నిలవకుండా పోవాలి. మెట్లకు ఒక పక్కనైనా పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి. కోనసీమ కొబ్బరి పీచుతో చేసిన పట్టాలు గరుకునిస్తాయి, లిగ్నిన్ ఎక్కువ ఉన్నందువల్ల తొందరగా కుళ్లవు. కాకపోతే నున్నటి టైలు మీద వాటిని ఊరికే పరిస్తే పట్టాతో పాటు మనిషీ జారతాడు, అంచులు బిగించాలి.

రేవుల విషయం కాస్త వేరు. 2027లో గోదావరి పుష్కరాలు. పాత ఘాట్లు బాగుచేయడం, కొత్తవి కట్టడం రాబోయే నెలల్లో జోరందుకుంటుంది. నీటి అంచున ఉండే మెట్లకు పాలిష్ చేసిన గ్రానైటు వేయకూడదు, చెక్కిన గరుకు రాయే వేయాలి. ఈ ఒక్క వాక్యం టెండరు కాగితంలో చేరితే చాలు. తర్వాత ఆ మెట్లను రోజూ శుభ్రం చేసే పారిశుధ్య కార్మికుల సంగతి. జనం రాకముందే, చీకటితోనే వాళ్లు చీపురు, బ్లీచింగు పొడి, నీళ్ల బకెట్టుతో దిగుతారు. ఎండిన పాకుడు మీద మొదటి బకెట్టు పోసిన మరుక్షణం నుంచి ఆ మెట్టు అత్యంత ప్రమాదకరంగా ఉంటుంది, ఆ క్షణంలో దాని మీద నిలబడేది వాళ్లే. అందుకే ముందు పొడిగా ఉన్నప్పుడే గీకాలి. గీకిన పెచ్చులు ఎత్తి పారేయాలి. ఆ తర్వాతే బ్లీచింగు చల్లి, పై మెట్టు నుంచి మొదలుపెట్టకుండా కింది మెట్టు నుంచి పైకి, తాము పొడిమెట్టు మీదే నిలబడి కడుగుతూ రావాలి.